మినీ ఎక్స్‌కవేటర్ కొనుగోలా, అద్దెయా? – తోట రైతు వేసుకోవలసిన గంటల లెక్క

పండ్ల తోట గాని, ఆయిల్ పామ్ తోట గాని వేయదలచిన రైతు మొక్కలు తేవడానికి ముందే మట్టి పనికి పెద్ద మొత్తం వెచ్చించవలసి వస్తున్నది. గుంతలు, డ్రిప్ ప్రధాన గొట్టాలకు కందకాలు, మురుగు కాలువలు, గట్లు, పాత చెట్ల మోళ్ల తొలగింపు ఒకప్పుడు గడ్డపార, పారలతో వేసవి పొడవునా సాగేవి. నేడు ఆ పనులకు కూలీలు దొరకడం కష్టమై యంత్రాలపై ఆధారపడటం తప్పనిసరి అయినది. 2021లో కేంద్ర ప్రభుత్వం వంటనూనెల జాతీయ మిషన్ – ఆయిల్ పామ్ పథకాన్ని ఆమోదించిన తరువాత తెలంగాణలో ఈ పంట అశ్వారావుపేట ప్రాంతాన్ని దాటి కొత్త జిల్లాలకు విస్తరించింది. దానితో పాటే చిన్న తవ్వక యంత్రాలకు గిరాకీ పెరిగింది.

ఈ నేపథ్యంలో రైతులలో తరచుగా వినవచ్చే వాదన ఒకటి ఉన్నది. ఏటా అద్దెకు పోసే డబ్బును బ్యాంకు వాయిదాగా కడితే కొన్నేళ్లకు యంత్రం సొంతమవుతుంది గదా అన్నది ఆ వాదన. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. అయితే పాతిక లక్షల రూపాయల యంత్రానికి రుణం తీసుకొనేటప్పుడు భూమిని కూడా హామీగా ఉంచవలసి వస్తే, లెక్క తప్పినందువల్ల కలిగే నష్టం యంత్రంతో ఆగదు. కాబట్టి ఈ వాదనను అంకెలతో పరీక్షించిన తరువాతనే డీలరు వద్దకు వెళ్లడం మంచిది. ఇక్కడ వాడిన ధరలు, అద్దెలు లెక్క విధానాన్ని చూపడానికి తీసుకొన్నవి. రైతులు తమ ప్రాంతపు అంకెలను వాటి స్థానంలో వేసుకొని చూడవలెను.

ఏ పనికి ఏ యంత్రం

మినీ ఎక్స్‌కవేటర్లు సుమారు ఒకటిన్నర టన్నుల నుండి ఐదు టన్నుల బరువు వరకు లభిస్తున్నాయి. తోటలకు ఎక్కువగా వాడే మూడు టన్నుల తరగతి యంత్రం వెడల్పు సుమారు మీటరున్నర ఉంటుంది. ఆరు మీటర్ల ఎడంలో నాటిన నిమ్మ, బత్తాయి తోటలలో కొమ్మలు విరగకుండా, వేర్లు నలగకుండా తిరగడానికి ఇది అనువైనది. గ్రామాలలో జేసీబీగా పిలిచే ఏడెనిమిది టన్నుల బ్యాక్‌హో లోడర్ ఎదిగిన తోట సాళ్లలో మలుపు తిరగలేదు. పైగా పదునున్న నల్లరేగడిలో దాని చక్రాల కింద నేల గట్టిపడి, ఆ చాళ్లలో నీరు ఇంకడం తగ్గుతుంది. రబ్బరు ట్రాకుల మీద నడిచే చిన్న యంత్రం బరువు విశాలమైన పట్టీ మీద పరచుకొంటుంది గనుక నేలపై ఒత్తిడి తక్కువ. గొట్టపు కందకాల విషయంలోనూ ఇదే మేలు. ముప్పై సెంటీమీటర్ల సన్న బకెట్‌తో తీసిన కందకానికి, అరవై సెంటీమీటర్ల బకెట్‌తో తీసిన కందకానికి తేడా ఏమిటంటే, రెండవ దానిలో తవ్వవలసిన మట్టి రెట్టింపు, తిరిగి పూడ్చవలసిన మట్టీ రెట్టింపు.

నీటి కుంట తవ్వకం వద్దకు వచ్చేసరికి ఈ సదుపాయాలన్నీ తిరగబడతాయి. పైన 20 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, ఒకటికి ఒకటిన్నర వాలు గల కుంటకు అడుగు 11 మీటర్ల చదరం అవుతుంది. దాని ఘనపరిమాణం 741 ఘన మీటర్లు. చిన్న యంత్రపు బకెట్ 0.1 ఘన మీటరు, గంటకు 180 తోడ్పులు, బకెట్ నిండుదల 85 శాతం, గంటలో నికరంగా పని జరిగే కాలం 70 శాతం అని తీసుకొంటే గంటకు 10.7 ఘన మీటర్ల మట్టి వస్తుంది. అంటే కుంటకు 69 గంటలు పడుతుంది. పావు ఘన మీటరు బకెట్ గల బ్యాక్‌హో గంటకు 150 తోడ్పుల చొప్పున, మిగిలినవన్నీ అవే అయితే, 22.3 ఘన మీటర్లు తీసి 33 గంటలలో పని ముగిస్తుంది. చిన్న దాని అద్దె గంటకు రూ. 1,100, పెద్ద దాని అద్దె రూ. 1,300 అయిన చోట కుంట ఖర్చు వరుసగా రూ. 75,900, రూ. 42,900. ఇరవై టన్నుల పొక్లెయిన్ దొరికితే ఘన మీటరు ఖర్చు మరింత తగ్గవచ్చు. గంట అద్దె తక్కువగా ఉన్నదని కుంటకు చిన్న యంత్రాన్ని పిలవడం, కుంట కూడా తవ్వుకోవచ్చునని దానిని కొనడం రెండూ నష్టదాయకమే. మినీ ఎక్స్‌కవేటర్ కొనుగోలును సమర్థించుకొనేటప్పుడు చాలామంది పనుల పట్టికలో మొదట రాసేది కుంటే కావడం విచిత్రం.

గుంతల విషయంలో మరొక ప్రత్యామ్నాయం ఉన్నది. ఇప్పటికే 45 హార్స్‌పవర్‌కు తగ్గని ట్రాక్టరు గల రైతు దాని వెనుక అమర్చే గుంతల ఆగర్‌ను అద్దెకు తెచ్చుకొంటే పని ఇంకా చౌకగా జరుగుతుంది. అయితే తడి బంకమట్టిలో ఆగర్ గుంత గోడలను కుండ లోపలి వైపులాగా నున్నగా చేస్తుంది. ఆ నునుపును గునపంతో గీకి చెదరగొట్టకపోతే లేత వేర్లు గోడ దాటి పోలేక గుంతలోనే చుట్టుకొంటాయి.

సొంత యంత్రం మోసే ఖర్చు

యంత్రం ఖర్చు రెండు భాగాలు. పని చేసినా చేయకపోయినా తప్పనిది స్థిర ఖర్చు. నడిచిన గంటలను బట్టి వచ్చేది చర ఖర్చు. ధర పన్నులతో కలిపి రూ. 25 లక్షలు, పదేళ్ల తరువాత అమ్మితే వచ్చేది రూ. 5 లక్షలు అనుకొంటే ఏడాదికి తరుగుదల రూ. 2 లక్షలు. పెట్టుబడి సగటు విలువ రూ. 15 లక్షల మీద 11 శాతం వడ్డీ రూ. 1.65 లక్షలు. సొంత డబ్బుతో కొన్నా ఈ వడ్డీని లెక్కలోకి తీసుకోవలసిందే. ఆ డబ్బు మరొక చోట ఉంటే ఎంతో కొంత సంపాదించేది. బీమాకు రూ. 35 వేలు, షెడ్డుకు రూ. 15 వేలు కలిపితే ఏడాది స్థిర ఖర్చు రూ. 4.15 లక్షలు. చర ఖర్చు కింద గంటకు మూడున్నర లీటర్ల డీజిల్‌కు రూ. 350, ఆయిల్, గ్రీజు, ఫిల్టర్లకు రూ. 50, బకెట్ పళ్లు, ట్రాకులు, హైడ్రాలిక్ గొట్టాలు తదితర మరమ్మతుల నిమిత్తం రూ. 150, ఆపరేటర్‌కు రూ. 150, వెరసి రూ. 700 అవుతుంది.

ఆపరేటర్, డీజిల్‌తో సహా అద్దె గంటకు రూ. 1,100 అయినప్పుడు, సొంత యంత్రం నడిచిన ప్రతి గంటకు మిగిలేది రూ. 400. ఆ నాలుగు వందలతో రూ. 4.15 లక్షలు పూడాలంటే ఏడాదికి సుమారు 1,040 గంటలు యంత్రం నడవాలి. అంతకన్నా తక్కువ గంటలు నడిచే చోట అద్దె చౌక, ఎక్కువ నడిచే చోట సొంతం చౌక.

ఇప్పుడు పది ఎకరాల ఆయిల్ పామ్ తోటను చూద్దాం. తొమ్మిది మీటర్ల త్రిభుజాకార పద్ధతిలో ఎకరానికి 57 మొక్కల చొప్పున 570 గుంతలు కావాలి. 60 సెంటీమీటర్ల ఘనాకారపు గుంతలను గంటకు 15 చొప్పున తీస్తే 38 గంటలు. అర కిలోమీటరు గొట్టపు కందకం గంటకు 25 మీటర్ల చొప్పున 20 గంటలు. మురుగు కాలువలు, సరిహద్దు కందకం, మోళ్లు, చిల్లర పనులన్నీ కలుపుకొన్నా మొదటి ఏడాది 100 గంటలకు మించవు. ఆ పైన ఏటా కాలువల పూడికకు, గట్ల సవరణకు 25 గంటలు చాలు. అంటే పదేళ్లలో మొత్తం 325 గంటలు. వాటి అద్దె రూ. 3,57,500. యంత్రాన్ని పదిహేను సార్లు రప్పించుకొనడానికి రవాణా ఖర్చు సారికి రూ. 2,500 చొప్పున కలిపితే రూ. 3,95,000. పదేళ్ల అద్దె మొత్తం, కొన్న యంత్రపు ఒక్క ఏడాది స్థిర ఖర్చుకు కూడా సరితూగలేదు. అద్దె డబ్బే వాయిదా అవుతుందన్న వాదన ఇక్కడ నిలవదు.

ఎకరాలు పెరిగితే ఫలితం మారదా అన్న సందేహం సహజం. వంద ఎకరాల తోట వేసే వారికి మొదటి ఏడాది వెయ్యి గంటలు అందవచ్చు. రెండవ ఏడాది నుండి ఆ పని మళ్లీ పావు వంతుకు పడిపోతుంది. గుంతల పని ఒక్కసారే ఉంటుంది. తరుగుదల, వడ్డీ మాత్రం పదేళ్లూ ఉంటాయి.

వాయిదాల ఒత్తిడి

తరుగుదలను పదేళ్లకు పంచి చూపిన పై లెక్క ఒక విధంగా సౌమ్యమైనది. బ్యాంకు అంత గడువు ఇవ్వకపోవచ్చు. రూ. 5 లక్షలు ముందుగా చెల్లించి, మిగిలిన రూ. 20 లక్షలను 11 శాతం వడ్డీపై ఐదేళ్ల వాయిదాలలో తీర్చేటట్లయితే నెలకు దాదాపు రూ. 43,500, ఏడాదికి రూ. 5.22 లక్షలు కట్టాలి. బీమా కలిపితే రూ. 5.57 లక్షలు. గంటకు రూ. 400 మిగులుతో ఇది రావాలంటే ఏడాదికి సుమారు 1,390 గంటలు యంత్రం ఆడాలి. కాగితం మీద లాభంలో ఉన్న యంత్రం చేతిలో నగదు లేక యజమానిని అప్పులోకి నెట్టడం ఈ దశలోనే జరుగుతుంది. ఆయిల్ పామ్‌లో మూడు, నాలుగేళ్ల వరకు గెలల రాబడి ఉండదు. మామిడిలో నిరీక్షణ ఇంకా ఎక్కువ. సరిగ్గా ఆ ఖాళీ సంవత్సరాలలోనే వాయిదాల బరువు పడుతుంది. అంతర పంటగా వేసిన పత్తి, మొక్కజొన్న రాబడి పూర్తిగా వాయిదాకే పోతే తోట ఎరువులకు, నీటికి లోటు వస్తుంది.

యంత్రాన్ని ఇరుగుపొరుగు రైతులకు అద్దెకు ఇచ్చి గంటలు పూరించవచ్చునన్నది తరువాతి ఆలోచన. దీనికి రుతువులు అడ్డు వస్తాయి. మన ప్రాంతంలో తోటల మట్టి పని ఫిబ్రవరి నుండి జూన్ మధ్య వరకు, నైరుతి రుతుపవనాలు అందేలోగా సాగుతుంది. ఇది 135 రోజులు. వాన పడిన తరువాత చల్క నేలల్లో తెరిపి చూసి పని చేయవచ్చు గాని, నల్లరేగడిలో రోజుల తరబడి దిగరాదు. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలల తుపాను వర్షాలు మరికొంత కాలాన్ని మింగుతాయి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 130 రోజులు విరామం లేకుండా నడిచినప్పుడే 1,040 గంటలు పూర్తవుతాయి. పొలం నుండి పొలానికి తరలింపు, మరమ్మతు, ఆపరేటర్ సెలవులు, పెళ్లిళ్ల రోజులు తీసివేస్తే రోజుకు సగటున ఆరు గంటలే దక్కినా 780 వద్ద ఆగుతుంది. మిగిలిన గంటలను ఇళ్ల పునాదులు, మంచినీటి గొట్టాల పనుల నుండి తెచ్చుకోవాలి. అందులో రాని బాకీల వెంట తిరగడం కూడా ఒక భాగం. ఇది చెడ్డ వృత్తి కాదు. అయితే ఆ పనికి దిగిన వ్యక్తి ప్రధానంగా యంత్రాల గుత్తేదారు అవుతాడు. ఇంట్లో యంత్రం నడపగల యువకుడు ఉండి, దానినే ఉపాధిగా ఎంచుకొనే కుటుంబానికి ఇది తగినది కావచ్చు. తోట కోసం యంత్రం కొని, యంత్రం కోసం తోటను వదిలి తిరిగే పరిస్థితి మాత్రం ఎవరికీ మేలు చేయదు.

పాత యంత్రం కొంటే ఈ చిక్కు తీరుతుందా? రూ. 12 లక్షలకు కొని, ఐదేళ్లు వాడి, రూ. 4 లక్షలకు అమ్మితే తరుగుదల రూ. 1.6 లక్షలు, వడ్డీ రూ. 88 వేలు, బీమా, షెడ్డు రూ. 32 వేలు, వెరసి రూ. 2.80 లక్షలు. మరమ్మతు మాత్రం గంటకు రూ. 250కి పెరగవచ్చు. అప్పుడు మిగులు రూ. 300కు తగ్గి, సమతూక గంటలు 933 అవుతాయి. ధర సగానికి తగ్గినా గంటలు పదవ వంతే తగ్గాయి. అంతేగాక మే నెలలో పంపు చెడిపోయి నగరం నుండి విడిభాగం రావడానికి పట్టే వారం రోజులు ఈ లెక్కలో లేవు.

అదును విలువ

అద్దెకు వ్యతిరేకంగా నిలిచే బలమైన వాదన అదును. మామిడి గుంతలను ఏప్రిల్, మే నెలల్లో తీసి కొన్ని వారాలు ఎండనిచ్చి, పైమట్టి, పశువుల ఎరువుతో నింపి తొలకరికి సిద్ధం చేయాలి. ఆయిల్ పామ్ మొక్కను వర్షాకాలం మొదట్లో నాటితే వేసవి నాటికి వేరు కుదురుకొంటుంది. అందరికీ అవే వారాలలో యంత్రం కావలసి రావడం వల్ల అద్దె యంత్రం పిలిచిన రోజున రాదు. ఈ నష్టం నిజమైనదే. దానికి వెల కట్టి చూడాలి. సమయానికి వచ్చేందుకు గంటకు రూ. 300 అదనంగా ఇచ్చినా వంద గంటలకు రూ. 30 వేలు. అద్దె రెట్టింపైనా మొత్తం రూ. 2.20 లక్షలు. అదే వంద గంటల పనికి సొంత యంత్రం మొదటి ఏడాది ఖర్చు స్థిర, చర భాగాలు కలిపి రూ. 4.85 లక్షలు. కాబట్టి ఫిబ్రవరిలోనే తేదీ కుదుర్చుకొని కొంత బయానా ఇవ్వడం, పని ఏప్రిల్ మొదటి పక్షానికే పెట్టుకోవడం యంత్రం కొనడం కన్నా చాలా చౌకైన మార్గం.

గోదావరి, కృష్ణా డెల్టాలలో వేరొక పరిస్థితి ఉన్నది. తుపాను వానకు మురుగు బోదెలు పూడి వరి మునిగినప్పుడు యంత్రం ఒకటి రెండు రోజులలోనే కావాలి. అప్పుడు ఎంత అద్దె ఇచ్చినా దొరకకపోవచ్చు. ఒక బోదె కింద ఉన్న రైతులందరికీ ఆ నష్టం ఉమ్మడిది గనుక యంత్రమూ ఉమ్మడిగా ఉండటం సమంజసం. రైతు ఉత్పత్తిదారుల సంఘం గాని, కస్టమ్ హైరింగ్ కేంద్రం గాని కొంటే వేసవిలో తోటల పని, కోతల తరువాత బోదెల పూడిక తీత కలిసి గంటలు పెరుగుతాయి. వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద అద్దె యంత్రాల కేంద్రాలకు సాయం లభిస్తున్నది. ఆ ఏడాది అనుమతి జాబితాలో మినీ ఎక్స్‌కవేటర్ ఉన్నదీ లేనిదీ మండల వ్యవసాయాధికారి వద్ద నిర్ధారించుకొన్న తరువాతనే సంఘం తీర్మానం చేయాలి. రాయితీ వస్తే స్థిర ఖర్చు తగ్గుతుంది. ఆపరేటర్‌ను ఏడాది పొడవునా నిలుపుకొనే బాధ్యత తగ్గదు. సంఘపు యంత్రాలు షెడ్డులో నిలిచిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

అద్దె ఒప్పందంలో చూసుకోవలసినవి

అద్దె గంట ధరలో రవాణా ఖర్చు దాగి ఉంటుంది. నాలుగు గంటల పనికి రూ. 2,500 రవాణా కలిస్తే గంట రూ. 1,725 పడుతుంది. ఇరుగుపొరుగు ముగ్గురు, నలుగురు కలిసి ఇరవై గంటల పని ఒకే వరుసలో పెట్టుకొంటే రూ. 1,225కు దిగుతుంది. యంత్రం రాకముందే ముగ్గుతో గుంతల గుర్తులు, కందకపు గీతలు వేసి ఉంచాలి. ఇంజను ఆన్‌లో ఉండి పని లేకుండా నిలిచిన సమయాన్ని కూడా అవర్ మీటర్ లెక్కిస్తుంది.

గంట చొప్పున కుదిరితే ఆపరేటర్ నిదానిస్తాడు. గుంత చొప్పున కుదిరితే లోతు తగ్గిస్తాడు. రెండవ పద్ధతిలో కొలకర్ర పట్టుకొని ఒక మనిషి వెంట ఉంటే నాణ్యత నిలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది మట్టిని వేరు చేయడం. పై 30 సెంటీమీటర్ల మట్టిని ఒక పక్క, అడుగు మట్టిని మరొక పక్క పోయించాలి. చల్క నేలల్లో అడుగున మొరం, కొన్ని రేగడి నేలల్లో సున్నపు గడ్డలు ఉంటాయి. ఆ మట్టి గుంతలోకి తిరిగి చేరితే మొక్క ఏళ్ల తరబడి కుంగుతుంది. సొంత యంత్రం గల రైతుకు ఈ విషయంలో ఉన్న ఓపిక అద్దె యంత్రానికి ఉండదు. అద్దెకు ఉన్న అసలు లోపం ఇదే. దీనిని మాట ముందే అనుకొని, అవసరమైతే గంటకు వంద రూపాయలు ఎక్కువ ఇచ్చి సరిదిద్దుకోవచ్చు. నేల పదును పరీక్ష కూడా రైతు చేతిలోనిదే. అడుగు లోతు మట్టిని పిడికిట నొక్కితే జిగటగా అంటుకొనే స్థితిలో యంత్రాన్ని పొలంలోకి దింపరాదు. వచ్చిన యంత్రాన్ని ఖాళీగా పంపితే రవాణా పోతుంది. దింపితే గట్టిపడిన నేలను విప్పడానికి ఎక్కువ ఖర్చవుతుంది.

పొలంలో భూమి లోపలి గొట్టాలు, మోటారు తీగలు పోయే దారిని పని మొదలయ్యే ముందే ఆపరేటర్‌కు చూపాలి. విద్యుత్ తీగల కింద బూమ్ ఎత్తనీయరాదు. మీటరుకు పైగా లోతు గల కందకంలోకి, పక్కలు వాలుగా కోయకుండా, గొట్టం అమర్చడానికి మనిషిని దింపడం ప్రాణాపాయం. తీసిన మట్టిని అంచుకు కనీసం అర మీటరు ఎడంగా పోయించాలి. యంత్రానికి, ఆపరేటర్‌కు బీమా ఎవరి పేర ఉన్నదో, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసుకొన్న తరువాతనే బయానా ఇవ్వాలి.